మా ఇల్లు గీసినవాళ్లు

మా ఉమ్మడి ఇల్లు పంచుకున్నప్పుడు నాన్న వాటాకి వచ్చింది 14 అడుగుల వెడల్పు, 62 అడుగుల పొడవు. విజయనగరంలో కోటకి నాలుగు వీధుల అవతల, ముత్తాత కట్టించిన మండువా ఇల్లు అది. చుట్టూ గదులు, మధ్యలో ఆకాశం. వాన పడితే నాలుగు వాలుల నీళ్లూ మండువాలోకే దిగేవి. మూలల్లో గంగాళాలు పెట్టేవారు. పిల్లలం ఆ ధారల కింద నిలబడి ఒళ్లంతా తడుపుకుని, తరవాత దొడ్డమ్మ చేత చీవాట్లు తినేవాళ్లం. 1988లో పెద్దమనుషులు వచ్చి ఆ మండువాకి అడ్డంగా తాడు లాగి, తాడు వెంట సున్నం పోశారు. దొడ్డమ్మ అటు, అమ్మ ఇటు నిలబడి చూశారు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

పంపకాల సంగతి ఇంతకంటే రాయబుద్ధి కాదు. ఆ తరవాత జరిగిందే నాకు ముఖ్యం. ఆ 14 అడుగుల ముక్కలో మాకో ఇల్లు లేచింది. నేను ఇప్పటికీ అందులోనే ఉంటున్నాను, అందులోనే కూర్చుని నలుగురికీ ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాను. ఆ ఇంటి వెనక ఎంతమంది ఉన్నారో తెలుసుకోవడానికి నాకు సగం జీవితం పట్టింది. వాళ్లలో కొందరు మా ఊరివాళ్లు, కొందరు విజయనగరం పేరు కూడా విని ఉండనివాళ్లు.

అందరికంటే ముందు మావయ్య. అమ్మ తమ్ముడు. కాకినాడలో డిప్లొమా చదివి, గంటస్తంభం దగ్గర ఒక మేడ మీద చిన్న గది అద్దెకి తీసుకుని ప్లాన్లు గీసేవాడు. సెలవులొస్తే నేను అక్కడే. మెట్లెక్కుతుంటేనే ముక్కు ఘాటెక్కేది, బ్లూ ప్రింట్లు తీసే అమ్మోనియా వాసన అది. పెద్ద డ్రాయింగ్ బోర్డు, టీ స్క్వేర్, ఇంకు పెన్నులు, చుట్టచుట్టి పెట్టిన ట్రేసింగ్ పేపర్లు. తప్పు గీత పడితే మావయ్య రబ్బరు ముట్టుకునేవాడు కాదు. సగానికి విరిచిన బ్లేడుతో ఇంకుని మాత్రం మెల్లిగా గీకేవాడు. కాగితం చిరగకూడదు, ఇంకు మిగలకూడదు. గీకిన చోట గోటితో రుద్ది నునుపు చేసి, ఊదేసి, అప్పుడు గీత కలిపేవాడు. ఆ పని చేస్తున్నంతసేపూ ఊపిరి బిగపట్టేవాడు, పక్కన నేనూ బిగపట్టేదాన్ని.

ఆయన దగ్గర ఒక లావుపాటి ఆల్బమ్ ఉండేది. విశాఖపట్నం వెళ్లినప్పుడల్లా పాత పుస్తకాల దుకాణాలు గాలించి, ఇంగ్లీషు పత్రికల్లో ఇళ్ల ఫొటోలు ఉంటే కొనుక్కొచ్చి, కత్తిరించి, మైదా జిగురుతో అంటించేవాడు. కింద తన ముత్యాల్లాంటి అక్షరాలతో ఎవరు కట్టారో, ఏ ఊరో, ఏ సంవత్సరమో రాసేవాడు. మిగతా పిల్లలు సినిమా తారల పేర్లు చెప్పుకున్నట్టు నేను ఆ పేర్లు వల్లె వేసేదాన్ని.

మా ముక్క స్థలం చూసి అందరూ ఒకటే మాట అన్నారు: రైలుపెట్టెలా వరసగా గదులు కట్టుకోవడమే, వేరే దారి లేదు. రెండు పొడుగు గోడలూ పక్కవాళ్లతో కలిసినవి, కిటికీ పెట్టడానికి లేదు. వెలుతురు రావాలంటే వీధి వైపు నుంచి, లేకపోతే పెరటి వైపు నుంచి. మధ్య గదుల్లో పట్టపగలే లైటు వేసుకోవాలి. నాన్నకి అప్పటికే అప్పుల టెన్షన్, ఏదో ఒకటి కట్టేస్తే చాలన్నాడు. మావయ్య మాత్రం ఆల్బమ్ తీసి ఒక పేజీ దగ్గర ఆగాడు.

అహ్మదాబాద్‌లో కట్టిన ట్యూబ్ హౌస్ ఫొటో అది. గీసింది చార్లెస్ కొరియా. 1930లో సికింద్రాబాద్‌లో పుట్టిన మనిషి. 1960ల మొదట్లో, తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్ల కోసం పెట్టిన పోటీలో గెలిచిన డిజైన్ అది. మా స్థలంలాగే ఇరుకుది, పొడుగుది, రెండు పక్కలా గోడలే. కానీ పైకప్పు వాలుగా లేచి, కొసన ఒక సందు ఉంటుంది. లోపల వేడెక్కిన గాలి వాలు వెంట పైకి పాకి ఆ సందులోంచి పోతుంది. పోయిన గాలి చోటు నింపడానికి వీధి గుమ్మం పక్కనున్న రెక్కల కిటికీలోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. ఫ్యాను అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. లోపల అడ్డుగోడలు దాదాపు ఉండవు, ఎత్తుపల్లాలతోనే గదులు విడిపోతాయి.

"అక్కా, గాలికి పక్క దారి లేకపోతే పైదారి ఇద్దాం" అన్నాడు మావయ్య అమ్మతో. అమ్మకి ఆ మాట వెంటనే అర్థమైంది. పొయ్యి ముందు జీవితం గడిపిన మనిషికి వేడి పైకి పోతుందని ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంటి మధ్యలో 6 అడుగులకి 8 అడుగులు ఖాళీ వదిలేద్దామన్నాడు, పైన కప్పు లేకుండా. చుట్టాలు నవ్వారు. ఉన్నదే 14 అడుగులు, అందులో మళ్లీ ఖాళీ ఏంటన్నారు. అప్పుడు మావయ్య ఆల్బమ్‌లో ఇంకో పేజీ చూపించాడు. కొలంబోలో జెఫ్రీ బావా కట్టిన ఇల్లు. ఈయన మొదట లాయరు. ఆ వృత్తి వదిలేసి, ముప్పై ఏళ్లు దాటాక చదువుకుని, 1957లో ఆర్కిటెక్టు అయ్యాడు. ఎనా డి సిల్వా అనే బాటిక్ (మైనపు అద్దకం) కళాకారిణి కోసం 1960ల మొదట్లో ఒక ఇల్లు కట్టాడు. ఊరి మధ్య చిన్న స్థలం. దాని చుట్టూ గోడ కట్టేసి, ఇంటిని వీధి వైపు కాకుండా లోపలి వైపు తిప్పాడు. నడుమ పెద్ద వాకిలి, చెట్టు, చుట్టూ వరండాలు, పైన పెంకు. శ్రీలంక పాత ఇళ్లలో నడి వాకిలి ఉండేది, అదే ఆయన మళ్లీ తెచ్చాడు. ఆ ఫొటో చూసి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఇది మన మండువాయే కదా" అన్నాడు. సున్నం గీత పడ్డాక నాన్న నోట మండువా అన్న మాట రావడం అదే మొదలు. ఆ ఖాళీ ఖరారైపోయింది.

ఎండ సంగతి మావయ్య నాకు అరసవల్లిలో నేర్పాడు. శ్రీకాకుళం వెళ్లినప్పుడల్లా మేం సూర్యనారాయణ స్వామి దర్శనం చేసుకునేవాళ్లం. మార్చిలో, అక్టోబర్‌లో కొన్ని రోజులు ఉదయపు కిరణాలు గాలిగోపురం దాటి నేరుగా స్వామి పాదాల మీద పడతాయి. జనం దండాలు పెడుతుంటే మావయ్య నా చెవిలో, "ఈ గుడి కట్టినవాళ్లకి ఎండ ఏ నెలలో ఎక్కడిదాకా వస్తుందో తెలుసునే. మనం కిటికీ పెట్టేముందు ఆ మాత్రం ఆలోచించకపోతే ఎలాగ?" అన్నాడు. మా ఖాళీ చోటు కొలతలు అలా పుట్టినవే. చలికాలంలో ఎండ గోడ మీదే ఆగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం కాసేపు నేల దాకా దిగుతుంది. ఆవకాయ జాడీలు ఎక్కడ పెట్టాలో అమ్మ ఆ ఎండని బట్టే చెప్పేది.

ఇక తక్కువ ఖర్చుతో ఇళ్లు కట్టిన ఆర్కిటెక్టు లారీ బేకర్. మావయ్య గదిలో దేవుడి పటం పక్కన ఆయన ఫొటో ఉండేది. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో చైనాలో వైద్య సేవ చేసి, తిరుగు ప్రయాణంలో ఓడ కోసం బొంబాయిలో ఆగాల్సి వచ్చింది. అక్కడ గాంధీగారిని కలిశాడు. పాత గుడ్డ ముక్కలతో చేసుకున్న బేకర్ చెప్పులు చూసి గాంధీగారు ముచ్చటపడ్డారట. ఇల్లంటే చుట్టూ అయిదు మైళ్లలో దొరికే వస్తువులతో కట్టుకునేది కావాలని ఆయన అన్న మాట బేకర్ జీవితాంతం పట్టుకున్నాడు. మన దేశానికే వచ్చేసి, కేరళకి చెందిన డాక్టరమ్మని పెళ్లి చేసుకుని, హిమాలయాల్లో పితోరాగఢ్ దగ్గర చాలా ఏళ్లు ఉండి, తరవాత తిరువనంతపురంలో స్థిరపడ్డాడు. పౌరసత్వం 1989లో వచ్చింది, పద్మశ్రీ 1990లో. 2007లో అక్కడే పోయాడు.

మావయ్య ఒకసారి రైలెక్కి తిరువనంతపురం పోయి ఆయన కట్టడాలు చూసొచ్చాడు. స్టేషన్ పక్కనే కాఫీ హౌస్, గుండ్రంగా తిరుగుతూ పైకి పోయే ఎర్ర ఇటుకల కట్టడం. వాలు ఎక్కుతూ పోతుంటే పక్కనే బల్లలు, గోడ నిండా కన్నాలు, ఆ కన్నాల్లోంచి గాలి. తిరిగొచ్చాక వారం రోజులు ఆయన నోట వేరే మాట లేదు.

బేకర్ పద్ధతుల్లో మా ఇంటికి పనికొచ్చింది ఫిల్లర్ శ్లాబు. శ్లాబు కింది సగంలో లాగుడు బరువంతా ఇనుప చువ్వలే మోస్తాయి. అక్కడ కాంక్రీటు చేసే పని తక్కువ. మరి అక్కడ అంత సిమెంటు పోయడం ఎందుకు? చువ్వల మధ్య పాత పెంకులు పెట్టేస్తే శ్లాబు బరువు తగ్గుతుంది, సిమెంటు ఖర్చు తగ్గుతుంది, పెంకుల మధ్య చిక్కిన గాలి వల్ల వేడి కూడా తక్కువ దిగుతుంది. మాకు పెంకులకి లోటా? ముత్తాత ఇంటి కప్పు దించినప్పటి బెంగుళూరు పెంకులు పెరట్లో కుప్పగా ఉన్నాయి. ఈ పెంకులు మొదట మంగళూరులో తయారైనవని, 1865లో బాసెల్ మిషన్ వాళ్లు అక్కడ కార్ఖానా పెట్టారని మావయ్యే చెప్పాడు.

మేస్త్రి చీపురుపల్లి వైపు మనిషి. పొట్టిగా, నల్లగా, చెవి మీద ఎప్పుడూ పెన్సిలు. పెంకుల సంగతి వినగానే ఒప్పుకోలేదు. "పాత పెంకులు పెడితే స్లేబు ఎలగ నిలబడతాది బాబూ? రేపేటైనా అయితే నన్నే కదా అంటారు." మావయ్య వాదించలేదు. పెరట్లోనే మూడడుగుల చదరం ముక్క ఒకటి, చువ్వలు కట్టి, పెంకులు పెట్టి పోయించాడు. గోనెసంచులు కప్పి మూడు వారాలకి పైగా తడిపారు. తరవాత దాన్ని రెండు ఇటుక దిమ్మల మీద పెట్టి, మేస్త్రినీ, ఇద్దరు కూలీలనీ, నాన్ననీ ఎక్కి నిలబడమన్నాడు. మేస్త్రి ముందు ఒక కాలు పెట్టాడు, తరవాత రెండోది. ఆఖరికి ఎగిరి గెంతాడు. "ఉంటాది బాబూ, పోసీదాం" అన్నాడు.

శ్లాబు పోసే ముందు రెండు రోజులు నాన్న ఆఫీసుకి సెలవు పెట్టి ఆ పెంకుల్ని ఒక్కొక్కటే తొట్లో కడిగాడు. నాచు పట్టినవి కొబ్బరి పీచుతో రుద్దాడు. విరిగినవి కూడా పారెయ్యనివ్వలేదు. సెంట్రింగ్ విప్పిన రోజున తల పైకెత్తి చూస్తే బూడిదరంగు కాంక్రీటు మధ్య వరసగా ఎర్ర పెంకులు. ముత్తాత కప్పు కిందే మళ్లీ పడుకుంటున్నామని నాన్న వీధిలో అందరికీ చెప్పాడు. వాళ్లని లోపలికి పిలిచి చూపించాడు కూడా. ఇప్పటికీ ఆ సీలింగ్‌కి రంగు వెయ్యనివ్వను.

వంటిల్లు దగ్గరికి వస్తున్నాను. ఇదంతా రాయడం మొదలుపెట్టింది అసలు దాని కోసమే.

పాత ఇంట్లో అమ్మ నేల మీద కూర్చుని వండేది. గాడిపొయ్యి, ఊదుగొట్టం, పొగ. పొట్టు పొయ్యి ఒకటి, కిరోసిన్ స్టౌ ఒకటి. ఉప్పు కావాలంటే లేవాలి, నీళ్లు కావాలంటే లేవాలి. పొద్దున్నుంచి ఎన్నిసార్లు కూర్చుని లేచేదో. నలభై దాటకుండానే మోకాళ్లు పట్టేశాయి. కొత్త ఇంట్లో గ్యాసు వస్తుంది, నిలబడి వండుకునే గట్టు కట్టాలి. మావయ్య ప్లాన్‌లో గట్టు ఎత్తు 2 అడుగుల 9 అంగుళాలని రాశాడు. అప్పట్లో అందరి ఇళ్లలోనూ దగ్గర దగ్గర అదే.

మేస్త్రి ఆ కాగితం చూసి అమ్మని పిలిచాడు. "అమ్మా, ఓపాలి ఇలగొచ్చి నిలబడండి. సేతిలో గరిటె అట్టుకోండి. మీరు ఎలగ కలుపుతారో అలగే కలపండి." అమ్మ సిగ్గుపడుతూ చెంగు దోపుకుని, ఖాళీ గిన్నెలో గరిటె తిప్పింది. మేస్త్రి ఆమెని ముట్టుకోకుండా, పక్కన గోడకి ఆనుకుని, మోచెయ్యి ఎత్తు దగ్గర పెన్సిలుతో గీత పెట్టాడు. దానికింద జానెడు దించి ఇంకో గీత. "కూర కలిపినప్పుడు సెయ్యి ఎత్తుకోకూడదు, ఇడ్లీ పిండి రుబ్బినప్పుడు నడుం ఒంగకూడదు. ఈ గీతకి కట్టీదాం." టేపు పెట్టి చూస్తే 2 అడుగుల 6 అంగుళాలు. అమ్మ పొట్టి మనిషి. మావయ్య అక్కడికక్కడే ప్లాన్ మీద అంకె దిద్దాడు. సింకు ఎక్కడ, పప్పుల డబ్బాలు ఎక్కడ, గ్యాసు బండ ఎక్కడ అన్నీ ఆ సాయంత్రం అలాగే, అమ్మని నిలబెట్టి, చెయ్యి చాపించి తేల్చారు. ఆ తరవాత మా వీధిలో ఇంకొన్ని ఇళ్లలో గట్లు ఎవరి ఇంటావిడ ఎత్తుకి వాళ్లకి కట్టారు.

చాలా ఏళ్ల తరవాత, నేను సివిల్ డిప్లొమా చదివి ఈ పనిలోకి వచ్చాక, మార్గరెటె షూట్టె లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్టు గురించి తెలిసింది. ఆవిడ ఫొటో మావయ్య ఆల్బమ్‌లో లేదు. 1897లో వియన్నాలో పుట్టింది. ఆస్ట్రియాలో ఆర్కిటెక్చర్ చదివిన తొలి ఆడవాళ్లలో ఒకరు. మొదటి ప్రపంచ యుద్ధం తరవాత జర్మనీలో ఇళ్లకి కటకట వచ్చి, ఫ్రాంక్‌ఫర్ట్ నగరం ఎర్నెస్ట్ మే అనే ఆర్కిటెక్టు ఆధ్వర్యంలో కొత్త కాలనీలు కట్టింది. ఆ ఇళ్ల కోసం 1926లో ఆవిడ ఒక వంటిల్లు గీసింది. 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు, అంతే. రైళ్లలో భోజనాల పెట్టె వంటగది ఆమెకి ఒక నమూనా. అంత చిన్న చోట అంతమందికి ఎలా వండుతున్నారో గమనించింది. ఏ పనికి ఎన్ని అడుగులు వెయ్యాలో, ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి లెక్కగట్టింది. కిటికీ కింద కూరలు తరుక్కునే బల్ల, దాని ముందు తిరిగే ముక్కాలి పీట, తొక్కలు తోసెయ్యడానికి బల్లలోనే గాడి, పిండీ పంచదారా పోసుకోవడానికి పిడి ఉన్న అల్యూమినియం సొరుగులు, గోడకి మడిచిపెట్టే ఇస్త్రీ బల్ల. అలాంటివి సుమారు పది వేల వంటిళ్లు కట్టారు. ఈ రోజు మన ఊళ్లలో బోర్డులు కనపడే మాడ్యులర్ కిచెన్లన్నిటికీ మూలం అక్కడుంది.

ఆవిడ ఆ వంటిల్లు గీసేనాటికి తను సంసారం చేసి వండింది లేదట. ఆ సంగతి ఆవిడే చెప్పుకుంది. అది చదివినప్పుడు నాకు మా మేస్త్రి గుర్తొచ్చాడు. ఆయనా ఏనాడూ గరిటె పట్టినవాడు కాదు. పని చేసే మనిషి వైపు చూసి కొలత తీసుకోవాలని ఇద్దరికీ తెలుసు, ఒకరికి వియన్నాలో, ఒకరికి చీపురుపల్లిలో. ఆవిడ తరవాతి జీవితం ఇంకా గొప్పది. హిట్లర్ మీద పోరాడేవాళ్లతో కలవడానికి తనంతట తాను ఆస్ట్రియా తిరిగొచ్చి, 1941లో పట్టుబడి, యుద్ధం ముగిసేదాకా జైల్లో ఉంది. నూట మూడో పుట్టినరోజుకి కొద్ది రోజుల ముందు, 2000 జనవరిలో పోయింది.

ఆవిడ గీసిన ఆ వంటింట్లో ఒక లోటు ఉంది, చెప్పాలి. అందులో ఒక్క మనిషే పడుతుంది. ఇల్లాలు వంట చేస్తుంటే పక్కన కూర్చుని మాట్లాడేవాళ్లకి చోటు లేదు. మన ఇళ్లలో అది కుదరదు. అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే ఆర్కిటెక్టు 1936 ప్రాంతంలో సామాన్యుల కోసం గీసిన ఇళ్లలో వంట చోటుని భోజనాల చోటుకి కలిపేశాడు, వండే మనిషి ఇంట్లోవాళ్లకి దూరం కాకూడదని. మావయ్య మా వంటిల్లుకీ నడుమ ఖాళీకీ మధ్య గోడని నడుం ఎత్తుకే ఆపాడు. ఆ గోడ మీద కూర్చుని నేను ఎక్కాలు చదివాను. గృహప్రవేశం అయిన కొన్నాళ్లకి దొడ్డమ్మ ఒక మధ్యాహ్నం చింతచిగురు పట్టుకొచ్చి, పిలవకుండానే ఆ గోడ మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. అమ్మ ఇటు నుంచి కబుర్లు చెప్తూ పప్పు పెట్టింది. వాళ్లిద్దరి మధ్య మాటలు అక్కడ మళ్లీ మొదలయ్యాయి.

ఆర్కిటెక్టు లె కార్బుజియే పేరు చెప్పకపోతే మావయ్య ఊరుకోడు. 1914లో ఆయన ఒక చిన్న బొమ్మ గీశాడు. మూడు శ్లాబులు, ఆరు పిల్లర్లు, ఒక మెట్ల వరస. గోడ బరువు మొయ్యక్కర్లేదు, పిల్లర్లే మోస్తాయి, గోడ ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. విజయనగరంలో ఏ కొత్త వీధిలోకి వెళ్లినా సగం కట్టి ఆగిన ఇంట్లో ఆ బొమ్మే నిలబడి కనిపిస్తుంది. ఆయన ఇళ్లలో నాకు బాగా నచ్చేది మాత్రం 1920ల్లో లేక్ జెనీవా ఒడ్డున అమ్మానాన్నల కోసం కట్టిన చిన్న ఇల్లు. 11 మీటర్ల పొడుగు కిటికీ, దాని నిండా నీళ్లు, కొండలు. వాళ్ల నాన్న తొందరగా పోయినా, వాళ్లమ్మ ఆ ఇంట్లో 1960 దాకా బతికింది. పారిస్ దగ్గర ఆయన కట్టిన పేరున్న సవోయ్ వారి ఇల్లు వానకి కారుతుంటే ఇంటావిడ ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. చదును శ్లాబుకి వాన అంటే ఏమిటో మనకి తెలుసు. మా మేస్త్రి శ్లాబు మీద ఇటుక పొడి, సున్నం, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి దట్టంగా పరిచి, చెక్కలతో రోజుల తరబడి కొట్టించాడు. 2014లో హుద్‌హుద్ తుఫానుకి కూడా చుక్క దిగలేదు.

వీధి అరుగు నాన్న పట్టుదల. ఇల్లు ఎంత ఇరుకైనా పదిమంది కూర్చునే అరుగు ఉండాలన్నాడు, రెండున్నర అడుగులు ఇచ్చాం. ఇండోర్ దగ్గర అరణ్య అనే పేదల కాలనీ గీసిన బాలకృష్ణ దోషి కూడా అలాగే ఆలోచించాడు. కుటుంబానికి పునాది, ఒక నీళ్ల కొళాయి, మరుగుదొడ్డి కట్టిచ్చి, మిగతా ఇల్లు డబ్బు చేతికొచ్చినప్పుడల్లా వాళ్లే కట్టుకునే ఏర్పాటు. గుమ్మం ముందు అరుగు, మెట్లు మాత్రం మరచిపోలేదు. ఆ పనికి 1995లో ఆగాఖాన్ అవార్డు వచ్చింది. 2018లో ఆయనకి ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ వచ్చిందని, మన దేశంలో అది అందుకున్న మొదటివాడు ఆయనేనని టీవీలో విన్నప్పుడు మావయ్య ఉంటే బాగుండుననిపించింది. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్లు.

అమ్మ చెంబు కూడా ఇక్కడే రాయాలి. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి చెంబు, అమ్మ పుట్టింటినుంచి తెచ్చుకున్నది. అమెరికా నుంచి చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే దంపతులు మన ప్రభుత్వం పిలుపు మీద దేశమంతా తిరిగి 1958లో ఒక నివేదిక ఇచ్చారు. తాము ఇక్కడ చూసి మెచ్చిన వస్తువులన్నిట్లో చెంబే గొప్పదని, అందమైనదని అందులో రాశారు. ఎన్ని నీళ్లు పట్టాలి, చంకన ఎలా ఇమడాలి, వంచితే ధార ఎలా రావాలి, తోమడానికి చెయ్యి లోపలికి పోవాలా అని ఆ వస్తువు గురించి ప్రశ్నలు వేసుకుంటూ పోయారు. అహ్మదాబాద్‌లో డిజైన్ సంస్థ ఆ నివేదిక వల్లే 1961లో వచ్చింది. బుడితిలో చెంబు చేసే చేతులకి ఆ ప్రశ్నలన్నీ ముందే తెలుసు.

మా నాయనమ్మ పుట్టిల్లు కళింగపట్నం దగ్గర, వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో. అక్కడ నా చిన్నప్పుడు చుట్టిళ్లు ఉండేవి. గుండ్రటి లావుపాటి మట్టిగోడ, పైన తాటాకు కప్పు, చూరు దాదాపు నేల దాకా దిగి ఉండేది. వంగి లోపలికి పోతే ఎండలోంచి ఒక్కసారి చల్లదనం. గోడకి మూల అనేది లేదు కాబట్టి తుఫాను గాలికి తన్నడానికి చోటు దొరకదు, చుట్టూ జారిపోతుంది. చూరు కిందికి ఉండడంతో కప్పు కింద గాలి దూరి ఎత్తదు. అదంతా లెక్క. ఎవరు మొదట గీశారో ఎక్కడా రాయలేదు, ఏ ఆల్బమ్‌లోనూ ఫొటో లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం వైపు వెళ్లాను. కొబ్బరి, జీడి తోటలు నేలకి ఒరిగి, ఇళ్ల రేకులు పొలాల్లో పడి ఉన్నాయి. రేకు ఎగిరిపోయిన ఒక ఇంటి దగ్గర ముసలావిడ, "మా అత్తోరి సుట్టిల్లు ఇలగ ఎగరలేదమ్మా" అంది. ఆ మాట నాకు పని పెట్టింది.

అప్పటినుంచి ఎక్కడ చుట్టిల్లు ఉందంటే అక్కడికి టేపు, నోటు పుస్తకం పట్టుకుని పోయి కొలతలు తీసుకుంటున్నాను. గోడ మందం, చూరు ఎత్తు, వాసాల వాలు, కట్టిన తాడు రకం. చాలా చోట్ల చేరేసరికే ఇల్లు కూలిపోయి ఉంటోంది, కప్పడం తెలిసిన మనిషి లేకుండా పోతున్నాడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మీ ఊళ్లో చుట్టిల్లు ఇంకా నిలబడి ఉంటే, తాటాకు కప్పే పెద్దాయన ఎవరైనా ఉంటే, దయచేసి చెప్పండి. ఈ వానలు మొదలయ్యేలోగా వస్తాను.